తిన్నది ఒంటికి పట్టాలంటే: యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం

మా బైరకూరు వైపు ఒక పిల్ల వయసుకు తగ్గట్టు ఎదగకపోతే మొదట అడిగేది వాళ్ళమ్మనే. పిల్లకు సరిగ్గా తిండి పెట్టడం లేదా అని. ఆ తల్లి పొద్దున, రాత్రి రాగి సంగటి, మధ్యాహ్నం అన్నం పెడుతూనే ఉంటుంది. పిల్ల మాత్రం బక్కగానే ఉంటుంది. అప్పుడు పెద్దవాళ్ళు, తిన్నది ఒంటికి పట్టడం లేదు అంటారు. కన్నడంలోనూ అదే మాట, తిందద్దు మైగె హత్తల్ల అని. మా ఇంట్లో రెండు భాషలూ నడుస్తాయి కాబట్టి రెండిట్లోనూ విన్నాను. కానీ ఆ మాట అన్న తర్వాత, ఎందుకు పట్టడం లేదు అని అడిగేవాళ్ళు తక్కువ.

ఆ ప్రశ్న వెనకాలే జీవితమంతా నడిచిన తెలుగువారు ఒకరున్నారు. ఆయన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన పేరు మనం జనరల్ నాలెడ్జి పుస్తకంలో ఒక లైనుగా చదివి వదిలేస్తాం. నేను ఆర్ట్స్ విద్యార్థినిని. సైన్సు సంగతులు నాకు అర్థమైన మాటల్లోనే చెప్తాను. ఆయన కథ చదివాక నాకు ముందు కనిపించింది ప్రయోగశాల కాదు, ఒక ఇల్లు. అందుకే అక్కడినుంచే మొదలుపెడతాను.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఉన్నవాళ్ళు కాదు. పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. చిన్నప్పుడు ఆయనకు చదువు మీద కన్నా డబ్బు సంపాదించడం మీదే ధ్యాస. పదమూడేళ్ళ వయసులో కాశీకి వచ్చే యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు చేసుకుందామని ఇంట్లోనుంచి పారిపోయాడు. వెంకమ్మ గారు ఊరుకోలేదు, వెనక్కి తెప్పించి మళ్ళీ బడిలో వేసింది. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని పాస్ కాలేదు, అది కూడా మద్రాసు హిందూ హైస్కూలులో. పరీక్ష తప్పితే బతుకు అయిపోయిందనుకునే మనలాంటి వాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

మద్రాసులో ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుతున్నప్పుడు ఆయన మనసు సన్యాసం వైపు పోయింది. రామకృష్ణ మఠంలో చేరిపోవాలని అనుకున్నాడు. తల్లి ఒప్పుకోలేదు. మఠం వాళ్ళు కూడా డాక్టరు చదువు చదివి జనానికి సేవ చెయ్యమన్నారు. అట్లా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. 1919 మే 10న శేషగిరి గారితో పెళ్ళి అయింది. చదువు ఖర్చులో మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు ఆదుకున్నారు.

అవి గాంధీగారి పిలుపు ఊరూరా వినిపిస్తున్న రోజులు. సుబ్బారావు గారు ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు గౌను వేసుకుని వెళ్ళేవాడు. సర్జరీ చెప్పే దొరగారికి అది నచ్చలేదు. రాతపరీక్షలు బాగా రాసినా చివరికి ఆయనకు పూర్తి ఎంబీబీఎస్ ఇవ్వలేదు, దానికన్నా తక్కువదైన ఎల్‌ఎంఎస్ పట్టా చేతిలో పెట్టారు. ఆ పట్టాతో ప్రభుత్వ వైద్య సర్వీసులో చోటు దొరకలేదు. మద్రాసులోని ఆయుర్వేద కాలేజీలో శరీరశాస్త్రం చెప్పే పని చేసుకున్నాడు.

ఇంట్లో అసలు దెబ్బ స్ప్రూ అనే జబ్బు వల్ల తగిలింది. మన పాతకాలం వాళ్ళు సంగ్రహణి అనేవాళ్ళు. ఈ జబ్బులో పేగు లోపలి పొర దెబ్బతింటుంది. మనిషి తింటూనే ఉంటాడు, తిన్నదంతా విరేచనాల్లో పోతుంది. ఒళ్ళు ఎండిపోతుంది, నెత్తురు తగ్గిపోతుంది, నోరు పుండుపడుతుంది. సుబ్బారావు గారి సోదరులు ఇద్దరు కొద్ది రోజుల తేడాలో ఈ జబ్బుతోనే చనిపోయారు. వెంకమ్మ గారి పరిస్థితి ఊహించుకోండి. పిల్లలకు పెట్టింది ఒంటికి పట్టక కళ్ళ ముందే కరిగిపోయారు. తర్వాత సుబ్బారావు గారికి కూడా అదే జబ్బు పట్టుకుంది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో ఆయన బతికి బయటపడ్డాడు. ఆ మందు ఎట్లా పనిచేసింది, ఆ జబ్బు అసలు ఎందుకు వస్తుంది అన్నది ఆయన్ని వదల్లేదు.

అమెరికా వెళ్ళి ఉష్ణదేశాల జబ్బుల గురించి చదవాలని నిశ్చయించుకున్నాడు. మామగారు, కాకినాడ వైపు మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేశారు. 1922 అక్టోబరు 26న బోస్టన్‌లో దిగాడు. శేషగిరి గారు అప్పుడు గర్భవతి.

ఆ సంవత్సరానికి వైద్యంలో ఒక ప్రత్యేకత ఉంది. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ అబ్బాయికి మొట్టమొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకు ముందు చక్కెర జబ్బు వచ్చిన పిల్లలకు చేతనైన వైద్యం ఒక్కటే, తిండి తగ్గించడం. పిల్లలు ఎముకల గూడులా మారి కొద్దికాలం బతికేవాళ్ళు. ఇన్సులిన్ వచ్చాక అదే పిల్లలు కొన్ని వారాల్లో కండపట్టారు, మళ్ళీ ఎదగడం మొదలుపెట్టారు. సుబ్బారావు గారు బోస్టన్ చేరేనాటికే అక్కడి డాక్టర్ జోస్లిన్ ఇన్సులిన్ వాడుతున్నారు. కడుపులో పడిన తిండికీ ఒంటికి పట్టే తిండికీ మధ్య మనకు కనిపించని పదార్థాలు పనిచేస్తాయని లోకమంతా మాట్లాడుకుంటున్న రోజుల్లో ఈయన అక్కడ దిగాడు.

కానీ చేతిలో డబ్బు లేదు. హార్వర్డ్‌లో పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పళ్ళేలు కడిగే పని. డాక్టరు చదువు చదివిన మనిషి ఆ పని చేసి ఫీజు కట్టుకున్నాడు. అంతలో ఇంటినుంచి ఉత్తరాలు. కొడుకు పుట్టాడు. ఏడాది నిండకముందే ఆ బాబు సూక్ష్మజీవుల వల్ల వచ్చే ఒక అంటుజబ్బుతో చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డను ఒక్కసారి కూడా చూడలేదు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ అనే ఆయన దగ్గర జీవరసాయన శాస్త్రంలో చేరాడు. 1925లో ఇద్దరూ కలిసి నెత్తురులో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతి ప్రచురించారు. ద్రవానికి కొన్ని రసాయనాలు కలిపితే నీలంరంగు వస్తుంది. ఆ నీలం ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని మన బయోకెమిస్ట్రీ పిల్లలు ఇప్పటికీ ల్యాబులో చేస్తారు. ఆ కొలత చేతిలో ఉండబట్టే 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం బయటపడింది. 1929లో ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో లోమాన్ అనే శాస్త్రవేత్త కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నారు.

ఏటీపీ అంటే ఏంటో నాకు అర్థమైనట్టు చెప్తాను. మనం తిన్న సంగటి నేరుగా మన చెయ్యిని ఎత్తదు. ఒంట్లో అది కరిగి చక్కెర అవుతుంది. ఆ చక్కెరలోని శక్తిని కణం చిన్న చిన్న చిల్లర నాణేలుగా మార్చుకుంటుంది. ఆ నాణెమే ఏటీపీ. కండ కదలాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా, కొత్త కణం పుట్టాలన్నా ఆ నాణెం ఖర్చు పెట్టాల్సిందే. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలకు నెత్తురులో చక్కెర పెరిగిందని తెలిసేది కూడా ఏటీపీ వల్లనే. చక్కెర లోపలికి రాగానే ఏటీపీ పెరుగుతుంది, దాంతో ఇన్సులిన్ బయటికి వస్తుంది. ఈ వివరమంతా ఆయన పోయిన ఎన్నో ఏళ్ళకు తెలిసింది.

ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు పక్కా ఉద్యోగం దక్కలేదు. 1930లో పీహెచ్‌డీ వచ్చినా మరో పదేళ్ళు చిన్న స్థానంలోనే ఉండిపోయారు. 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్ ఊళ్ళో ఉన్న లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకు వెళ్ళారు. కొన్నాళ్ళకే అక్కడి పరిశోధనకంతా డైరెక్టరయ్యారు. ఆయన కింద రసాయన శాస్త్రవేత్తలు, డాక్టర్లు, సూక్ష్మజీవులు చూసేవాళ్ళు కలిసి పనిచేసేవాళ్ళు.

అక్కడే తన సోదరుల జబ్బు వైపు తిరిగి వచ్చారు. ఈ కథలో ఒక ఆడమనిషి పేరు మనం తప్పకుండా చెప్పుకోవాలి. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు 1928లో బొంబాయికి వచ్చారు. బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణీ స్త్రీలకు నెత్తురు తగ్గిపోయే ఒక జబ్బును పరిశీలించారు. ఈస్టు సారం పెడితే వాళ్ళు కోలుకున్నారు. అందులో ఏదో ఉందని ఆమె చెప్పారు, ఆ ఏదో ఏంటన్నది అప్పటికి తేలలేదు. తర్వాత ఇంకొందరు పాలకూర ఆకుల్లోనుంచి అలాంటి పదార్థాన్నే తీసి, ఆకును బట్టి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. కానీ ఆకులోనుంచి వచ్చేది చాలా కొంచెం. రోగులకు ఇవ్వాలంటే అది చాలదు. సుబ్బారావు గారి బృందం కాలేయం నుంచి దాన్ని విడదీసి, దాని ఆకారం తెలుసుకుని, 1945లో కృత్రిమంగా తయారుచేసి చూపించింది. వెంటనే స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. నెత్తురు పట్టింది, ఆకలి పుట్టింది, ఒళ్ళు తేరుకుంది. సోదరుల కోసం అది పాతికేళ్ళు ఆలస్యంగా వచ్చింది.

మనం హైస్కూలులో ఉన్నప్పుడు వారానికొకసారి టీచరు ముందు నిలబడి మింగిన నీలం మాత్ర గుర్తుందా? నోట్లో దాచుకుని బయటికెళ్ళి ఊసేసిన వాళ్ళు కూడా మనలో ఉంటారు. ఆ మాత్రలో ఇనుముతో పాటు ఉన్నది ఈ ఫోలిక్ యాసిడే, 500 మైక్రోగ్రాములు. గర్భిణులకు ఆశా కార్యకర్తలు ఇచ్చే ఎర్ర మాత్రలో కూడా అదే. కొత్త కణాలు పుట్టాలంటే అది కావాలి. పెరిగే పిల్లలకు, కడుపులో బిడ్డను మోసే తల్లికి అందుకే ఇస్తారు.

ఎదగడానికి కావలసిన పదార్థమే ఒక్కోసారి శత్రువుకు కూడా తిండి అవుతుంది. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా, అంటే నెత్తురు క్యాన్సర్, వచ్చిన పిల్లల్ని చూసేవారు. ఫోలిక్ యాసిడ్ లాంటి మందులు ఇస్తే ఆ జబ్బు ఇంకా వేగంగా పెరిగినట్టు ఆయనకు కనిపించింది. అట్లయితే ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందు ఇస్తే క్యాన్సర్ కణాలు ఆకలితో మాడిపోవా అని ఆలోచించారు. ఆ మందు సుబ్బారావు గారి బృందం తయారుచేసి పంపింది. పేరు అమైనోప్టెరిన్. 1948 జూన్‌లో ఫార్బర్ గారు ఫలితం ప్రచురించారు. బాగా జబ్బుపడిన 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు వెనక్కి తగ్గింది. అది తాత్కాలికమే, కొన్ని నెలల్లో జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. కానీ మందుతో ఆ జబ్బును వెనక్కి నెట్టవచ్చని లోకానికి తెలిసింది. దాని తమ్ముడి లాంటి మెథోట్రెక్సేట్ ఇప్పటికీ మన ఆసుపత్రుల్లో వాడుతున్నారు.

ఈ ఫార్బర్ గారే ఇంకో పిల్లల జబ్బును కూడా పరిశోధించారు. అది సిస్టిక్ ఫైబ్రోసిస్. దాన్ని మొదట విడిగా గుర్తించి 1938లో వివరంగా రాసింది న్యూయార్క్‌లో డొరతీ ఆండర్సన్ అనే మహిళా డాక్టరు. చనిపోయిన పిల్లల శరీరాలు పరీక్షిస్తుంటే కొందరి క్లోమం మచ్చలుపడి గట్టిపడిపోయి ఉండడం ఆమె గమనించారు. ఆ పిల్లలు బాగా తినేవాళ్ళు, అయినా ఎదిగేవాళ్ళు కాదు. ఒంట్లోని ద్రవాలు బంకలా చిక్కబడడమే దీనికి మూలమని ఫార్బర్ గారు దానికి జిగురును సూచించే ఇంకో పేరు పెట్టారు.

ఆ జబ్బు చేసే పని ఇది. మన కణాల గోడల్లో ఉప్పును బయటికి పంపే చిన్న చిన్న తలుపులుంటాయి. ఆ తలుపు సరిగ్గా పనిచేయకపోతే బయటి ద్రవంలో నీరు చాలక అది బంకలా తయారవుతుంది. ఊపిరితిత్తుల్లో ఆ బంక నిలిచిపోయి క్రిములు చేరతాయి. క్లోమం కాలువలు మూసుకుపోయి జీర్ణరసాలు పేగులోకి రావు, తిన్న కొవ్వు, మాంసకృత్తులు అరగకుండా బయటికి పోతాయి. ఆ తలుపు తెరుచుకోవడానికి కావలసినది ఏటీపీ అని తర్వాతి శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. సుబ్బారావు గారు 1929లో కండరంలో చూసిన ఆ పదార్థమే!

అక్కడితో అయిపోదు. ఏళ్ళు గడిచేకొద్దీ క్లోమంలో ఇన్సులిన్ తయారయ్యే భాగం కూడా పాడవుతుంది. ఇన్సులిన్ అంటే మనం చక్కెర తగ్గించే మందు అనుకుంటాం. దాని పని అంతకన్నా పెద్దది. తిన్నదాన్ని కండగా కట్టేది, కట్టిన కండ కరిగిపోకుండా కాపాడేది కూడా అదే. అందుకే ఈ పిల్లల్లో ఇన్సులిన్ తగ్గడం మొదలైతే, చక్కెర జబ్బు అని తేలకముందే బరువు తగ్గడం, ఎత్తు పెరగడం మందగించడం, ఊపిరి బలం తగ్గడం కనిపించవచ్చు. అలాంటప్పుడు మామూలు చక్కెర జబ్బు వాళ్ళకు చెప్పినట్టు తిండి తగ్గించమనరు. బాగా తినమని చెప్పి, ఇన్సులిన్ ఇస్తారు. 1922కు ముందు పిల్లల్ని పస్తులుంచిన వైద్యం ఎక్కడ, కడుపునిండా పెట్టి ఇన్సులిన్ ఇచ్చే ఈ వైద్యం ఎక్కడ.

ఇక సుబ్బారావు గారి ఆఖరి సంవత్సరం. ఆయన పరిశోధనశాలలోనే బెంజమిన్ డగ్గర్ అనే డెబ్బై దాటిన పెద్దాయన మట్టిలోని ఒక బంగారురంగు సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే మందు తీశారు. టెట్రాసైక్లిన్ మందుల్లో అది మొదటిది. పెన్సిలిన్‌కు లొంగని ఎన్నో క్రిముల మీద అది పనిచేసింది. 1948 జులైలో దాన్ని లోకానికి ప్రకటించారు. అంతకు ముందే బోదకాలుకు వాడే హెట్రజాన్ మందు కూడా ఆ పరిశోధనశాల నుంచే వచ్చింది. ఆరియోమైసిన్ ప్రకటించిన మరుసటి నెల, 1948 ఆగస్టులో, సుబ్బారావు గారు నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. వయసు 53. మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది కూడా నిండలేదు. ఆయన తిరిగి రాలేదు.

మరుసటి ఏడాది, 1949లో, అదే బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో హ్యారీ ష్వాక్‌మన్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు సిస్టిక్ ఫైబ్రోసిస్ పిల్లల ఊపిరితిత్తుల జబ్బుకు ఆరియోమైసిన్ ఇచ్చిన సంగతి ప్రచురించారు. ఊపిరితిత్తుల్లో క్రిములతో పోరాడే పిల్ల తిన్నదంతా ఆ పోరాటానికే ఖర్చయిపోతుంది. క్రిములు తగ్గితేనే ఎదగడానికి ఏమైనా మిగులుతుంది.

ఇదంతా చదివి నేను ఆయన్ని దేవుణ్ణి చెయ్యలేను. శేషగిరి గారు నాకు అడ్డం వస్తారు. ఆమె భర్త చదువుకు ఆమె పుట్టింటి డబ్బు పోయింది. కడుపులో బిడ్డ ఉండగా భర్త ఓడెక్కాడు. బిడ్డ పుట్టినప్పుడూ, పోయినప్పుడూ ఆమె పక్కన ఆయన లేడు. తర్వాత పాతికేళ్ళు ఎదురుచూపే. ఎంతో మంది తల్లుల పిల్లల్ని నిలబెట్టిన మందుల వెనకాల ఈమె ఒంటరి జీవితం కూడా ఉంది. ఆయన చేసింది గొప్ప పని అని ఒప్పుకుంటాను. ఆమెకు జరిగింది న్యాయం అని మాత్రం ఒప్పుకోను. రెండూ ఒకే జీవితంలోని నిజాలే, ఒకటి చెప్పి ఒకటి దాచితే కథ సగమే అవుతుంది.

ఆయన కథ నుంచి మనం ఊరికి తీసుకుపోవలసింది ఒకటుంది. తిండి పెడుతున్నా ఎదగని పిల్ల కనిపిస్తే ఆ తల్లిని నిలదీయడం మానాలి. మాటిమాటికీ దగ్గు, జిడ్డుగా వాసనకొట్టే విరేచనాలు, ముద్దుపెడితే ఉప్పగా తగిలే చెమట, పెరగని బరువు, ఇవన్నీ కలిసి ఉంటే పిల్లల డాక్టరుకు చూపించమని చెప్పాలి. చెమటలో ఉప్పు కొలిచే పరీక్ష ఒకటుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్ మన దేశంలోని పిల్లల్లోనూ ఉంది. అది తల్లి ఒక్కదాని వైపు నుంచి రాదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, పాడైన జన్యువులు రెండూ కలిస్తేనే వస్తుంది. ఈ ఒక్క సంగతి తెలిసినా కొన్ని ఇళ్ళల్లో కోడళ్ళు పడే మాటలు తగ్గుతాయి.

1995లో, ఆయన పుట్టి నూరేళ్ళయిన సందర్భంలో, భారత ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వేసింది. అది ఆయన ఒక్కరి గుర్తుగా వేసినది. మన గోడపత్రికలో చోటుకు కొదవ లేదు కాబట్టి, కాశీ దారి పట్టిన కొడుకును బడికి తిప్పిన వెంకమ్మ గారి పేరు, శేషగిరి గారి పేరు, బొంబాయి మిల్లు కూలీల నెత్తురు చూసిన లూసీ విల్స్ పేరు, ఎదగని పిల్లల జబ్బుకు పేరు వెతికిన డొరతీ ఆండర్సన్ పేరు ఆయన పేరు పక్కనే రాస్తున్నాను.